గాస్కెట్టుకు వచ్చిన కుక్కరు

మా వంటింటి అటక మీద అయిదు లీటర్ల ప్రెషర్ కుక్కర్ ఒకటుంది. దాని అట్టపెట్టె ఇంకా విప్పలేదు. ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో కంపెనీ నాకిచ్చిన ఒకే ఒక్క బహుమతి అది. అటక దులిపినప్పుడల్లా మా ఆవిడ దాన్ని దించి వాడుకుంటానంటుంది, నేను వద్దంటాను. ఎందుకు వద్దంటానో ఆవిడకు తెలుసు. మీకూ తెలియాలని ఇది రాస్తున్నాను. ముఖ్యంగా కొత్తగా సెక్షన్ ఇన్‌చార్జి అయి, అయిన వారానికే లోకాన్ని బాగుచేద్దామని ఉబలాటపడే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చదవాలి.

పోర్టు పక్కన, సముద్రపు గాలి నేరుగా వచ్చి మొహాన కొట్టే చోట మాదొక ట్యాంకు ఫారం. ఓడల్లో వచ్చిన సాల్వెంట్లను పంపులతో లాగి ట్యాంకుల్లో నింపుతాం. అక్కణ్ణుంచి లారీల్లో అచ్యుతాపురం వైపు ఫ్యాక్టరీలకు పోతాయి. చిన్న నిప్పురవ్వకు కూడా అంటుకునే సరుకు కాబట్టి అగ్గిపెట్టె, సెల్‌ఫోను గేటు దగ్గరే అప్పగించి లోపలికి రావాలి. ప్రతి పంపు పక్కనా బరువైన పోత ఇనప పెట్టె ఒకటి ఉంటుంది. అందులో అరచేయంత ఎలక్ట్రానిక్ మాడ్యూలు. పంపు వేడెక్కినా, ప్రెషరు పడిపోయినా అది పంపును ఆపేస్తుంది. అలాంటి పెట్టెలు మాకు ముప్పై నాలుగు. మూడు నెలలకోసారి ఒక్కో పెట్టె విప్పి, తుడిచి, మాడ్యూలును పరీక్షించి, మళ్ళీ మూత బిగించాలి. మూతకు పన్నెండు బోల్టులు. పదకొండు బిగించి పన్నెండోది రేపు చూద్దామనుకోవడానికి వీల్లేని పెట్టె అది.

నేను ఆ సెక్షనుకు ఇన్‌చార్జిగా వచ్చేసరికి నాకు పదిహేనేళ్ళ సర్వీసు. అందులో పద్నాలుగేళ్ళు ఏసీ గదిలో డ్రాయింగుల ముందు కూర్చుని చేసినవే. పెట్టె బొమ్మ ఏ కోణం నుంచైనా గీయగలను, స్పానరు ఇస్తే మాత్రం ఎటు తిప్పాలో ఒక క్షణం ఆలోచించుకోవాల్సిన స్థితి. ఆ లోటు ఎవరికీ కనబడకూడదని గొంతు కొంచెం పెంచి మాట్లాడేవాణ్ణి.

నా కింద పనిచేసే వాళ్ళలో పెద్దాయన ఒక సీనియర్ టెక్నీషియన్. మా ఊరి పాతబస్తీలో తాళాలు, గడియారాలు బాగుచేసే కుటుంబం వాళ్ళది. అందరూ ఆయన్ని భాయ్ అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. చదువు పదో తరగతి దాకా. ప్లాంటు కట్టేటప్పుడు ఆ పెట్టెల్ని బిగించడానికి వచ్చిన కంపెనీ ఇంజనీరు దగ్గర ఏడాదిపాటు పనిచేసి, ఆయన చెప్పిందంతా చేతుల్లో దాచుకున్న మనిషి. మూత తీశాక అంచు మీద బొటనవేలు రాసి చూసేవాడు. గరుకు తగిలితే ఆ రోజు ఆ పెట్టె వదిలేవాడు కాదు. ఇదంతా చాదస్తమని నా అభిప్రాయం.

నేను వచ్చిన ఏడాది వానలు తెగ కురిశాయి. ఉప్పు గాలి, వాన జల్లు కలిసి పెట్టెల్లోకి చెమ్మ దూరేది. మాడ్యూళ్ళు ఒకదాని తర్వాత ఒకటి చచ్చిపోయేవి. పంపు ఆగేది. జెట్టీలో ఓడ నిలబడిపోయేది. మా మేనేజరు గారు నన్ను పిలిచి, గొంతు పెంచకుండానే, మీరు వచ్చాక ఎక్కువైనట్టుందండీ అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ ఆదివారం ఇంట్లో కుక్కరు విజిల్ వేయకుండా చుట్టూ ఆవిరి కక్కుతోంది. గాస్కెట్టు పోయింది, కొత్తది తెమ్మని మా ఆవిడ బజారుకు పంపింది. తెచ్చి నేనే బిగించాను. పిసరంత ఆవిరి కూడా బయటికి రాలేదు. అక్కడే, వంటింట్లో నిలబడి, నాకు జ్ఞానోదయమైంది. ఇనప పెట్టెలకు రబ్బరు గాస్కెట్టు వేస్తే చెమ్మ ఎలా దూరుతుంది? ఇన్నేళ్ళుగా ఇంతమందికి ఇది ఎందుకు తట్టలేదు? ఆ రెండో ప్రశ్న దగ్గర ఇంకాసేపు ఆగి ఉంటే ఈ వ్యాసం రాసే పని తప్పేది. నేను ఆగలేదు. మంచి రబ్బరు షీటు తెప్పించి, పన్నెండు చిల్లులతో ముప్పై నాలుగు పట్టీలు నా చేత్తో నేనే కత్తిరించాను. అరచేతిలో పొక్కులు వచ్చాయి. వాటిని నలుగురికీ చూపించుకున్నాను కూడా.

భాయ్ ఒక పట్టీ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“వద్దు సార్. మంట పుట్టకుండా ఆపడానికి కాదు సార్ ఈ పెట్టి. లోపల పుట్టిన మంటని బయటికి రానీకుండా సంపడానికి. ఇనుముకీ ఇనుముకీ మజ్జిన ఆ సన్న సందులోంచి పాక్కుంటా వస్తేనే మంట సల్లారతాది. రబ్బరెడితే మూత లెగిసిపోద్ది, సందు పెద్దదైపోద్ది.”

ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టె గురించి ఇంతకంటే మంచి పాఠం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. అప్పుడు మాత్రం నవ్వాను. గాలే దూరనప్పుడు లోపల మంట ఎలా పుడుతుంది భాయ్ అని అడిగాను. రబ్బరు ఎండకు ఎండిపోతుంది, ఆవిరి ఎక్కడో ఒకచోట దారి చేసుకుంటుంది అన్నాడు. చెమ్మకు ఆయన మందు వేరే ఉంది. అంచులకు గ్రీజు పూత, ప్రతి పెట్టె మీదా పాత డ్రమ్ము రేకుతో ఒక గొడుగు. సింహాచలం స్వామికి పట్టే గొడుగుల్లా ఉంటాయి, మనది దేవస్థానం కాదు భాయ్ అని నేను అంటే పక్కనున్న వాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆర్డరు మీది సార్ అని, ముప్పై నాలుగూ బిగించేశాడు.

ఆ తర్వాత వచ్చిన తుపాను వానల్లో ఒక్క మాడ్యూలు కూడా పోలేదు. ఇక నా సంగతి చెప్పాలా! నేను నడిచే తీరు మారిపోయిందని మా ఆవిడ అంది. సేఫ్టీ వారోత్సవాల్లో ఉత్తమ సలహా బహుమతి నాకిచ్చారు. బహుమతులు కొనే గుమాస్తాకు నా వంటింటి కథ తెలియదు, అయినా అతను తెచ్చింది కుక్కరే. సేఫ్టీ బ్యానరు కింద నిలబడి, ఆ కుక్కరును గుండెలకు హత్తుకుని ఫొటో దిగాను. అందరూ నన్ను గాస్కెట్టు సారు అనడం మొదలుపెట్టారు. బిరుదు ఇచ్చినంత సంబరపడ్డాను.

వేసవిలో మళ్ళీ మూడు నెలల మెయింటెనెన్సు వచ్చింది. రెండో రోజు భాయ్ నా టేబులు మీద ఒక రబ్బరు పట్టీ పెట్టాడు. ఎండకి బిగుసుకుపోయి, మడిస్తే పెటపెటా పగిలింది. తీసేద్దాం సార్ అన్నాడు. కుక్కరు వచ్చి అప్పటికి నెలన్నర అయింది. కొత్త పట్టీలు తెప్పిస్తాను, ఈలోగా పాతవే ఉంచండి అన్నాను. ఆయన తలూపి వెళ్ళిపోయాడు. నేను దాన్ని సరే అన్నట్టుగా తీసుకున్నాను.

తర్వాత పది రోజులకు పంపు హౌసులోకి వెళితే వరసగా పెట్టెల మీద రేకు గొడుగులు కనిపించాయి. పదిహేడో పెట్టె దగ్గర భాయ్ మూత బిగిస్తున్నాడు. పక్కన గోనె సంచిలో పదిహేడు రబ్బరు పట్టీలు. ఒకటో నంబరు నుంచి పదిహేడు దాకా నా గాస్కెట్లన్నీ తీసేసి, అంచులు మెరిసేట్టు తుడిచి, గ్రీజు రాసి బిగించేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పద్దెనిమిదో పెట్టెను ముట్టుకోవద్దని అక్కడికక్కడే ఆపేశాను. సీట్లోకి వచ్చి, ఆర్డరు ధిక్కరించాడని, అనుమతి లేకుండా ప్రమాదకర ప్రాంతంలో పరికరాలు మార్చాడని మెమో రాశాను. నా డ్రాఫ్టింగు మంచిదని పేరుంది. ఆ మెమోలో అది బాగా కనిపిస్తుంది.

భాయ్ రిటైర్మెంటుకు అప్పటికి నాలుగు నెలలుంది. ముప్పై ఏళ్ళలో ఒక్క మెమో లేదు ఆయనకు. ఎంక్వయిరీలో తప్పు తేలితే సస్పెన్షను, ఆ మచ్చతోనే ఇంటికి పోవడం. ఈ విషయం నాకు తెలియక కాదు, తెలిసే రాశాను. ఎంక్వయిరీ ఒక బుధవారం మధ్యాహ్నం మూడింటికి, మేనేజరు గారి గదిలో అని నిర్ణయించారు.

ఆ బుధవారం ఉదయం ఓడ సరుకు దించుతున్నాం. నేను నా సీట్లో మూడింటికి అడగబోయే ప్రశ్నలు నంబర్లు వేసి రాసుకుంటున్నాను. ఫోను మోగింది. పంపు హౌసు ఆపరేటరు. పెందుర్తి వైపు రైతు కుటుంబం మనిషి, నాకు వరసకు ఏమీ కాడు, కానీ నన్ను బావా అనే పిలిచేవాడు.

“బావా, పదిహేడో పెట్టిలోంచి ధబ్బుమని సౌండొచ్చింది. పంపు ఆగిపోనాది. ఏటో నువ్వొకపాలి వచ్చి సూడు.”

భాయ్‌ని కూడా రమ్మని నేను వెళ్ళాను. పదిహేడో పంపు సీలు కారి, కింద నేలంతా సాల్వెంటు తడి. పంపు ఆగడంతో కారడం ఆగింది. ఆపరేటరు నేలను నీళ్ళతో కడిగించాడు. గాలి బాగా వీస్తోంది కాబట్టి గ్యాసు మీటరు మామూలు అంకెలే చూపించింది. పక్కనున్న పద్దెనిమిది, పంతొమ్మిది పంపులు తిరుగుతూనే ఉన్నాయి, ఓడ ఖాళీ కావాలి కదా. ఒక పంపు ఆగింది కాబట్టి మిగతావాటి మీద ఒత్తిడి పెరిగిందని ఆపరేటరు పద్దెనిమిదో పంపు దగ్గరికి వెళ్ళి, దాని మీటరు చూస్తూ నిలబడ్డాడు. మేము పదిహేడో పెట్టెకు మాత్రం కరెంటు ఆపించి, పర్మిట్ తీసుకుని, దాని మూత విప్పాం.

లోపల అంతా మసి. మాడ్యూలు నల్లగా మాడి ముడుచుకుపోయింది. కారిన సాల్వెంటు ఆవిరి ఎలాగో పెట్టెలోకి చేరింది, మాడ్యూలులో స్విచ్చులా పనిచేసే రిలే దగ్గర రవ్వ పుట్టింది, పెట్టెలో చిన్న పేలుడు జరిగింది. బయట మాత్రం ఏమీ లేదు. గొడుగు రేకు మీద దుమ్ము కూడా చెదరలేదు.

భాయ్ మూతను తలకిందులు చేసి నాకు అంచు చూపించాడు. లోపలి వైపు నల్లటి మసి. బయటికి వచ్చే కొద్దీ అది బూడిదరంగై, ఇంకా పలచబడి, అంచు సగంలో ఆగిపోయింది. మిగతా సగం తుడిచిన గిన్నెలా మెరుస్తోంది. ఆ మసి ఆగిన చోట ఆయన బొటనవేలు పెట్టాడు.

“ఇక్కడిదాకా వచ్చి సచ్చిపోనాది సార్.”

అంతే అన్నాడు. నేను చెప్పాను కదా అనలేదు. మూడింటికి తన ఎంక్వయిరీ ఉందని కూడా అనలేదు. రెండు వారాల కిందట ఈ పెట్టెకు నా రబ్బరు ఉంది. ఉండి ఉంటే ఆ మంట కింద తడి మీదకు దూకేది. ఆయన తీసేసింది సరిగ్గా పదిహేడు దాకా, నేను ఆపింది పద్దెనిమిది దగ్గర. అంటే తిరుగుతున్న పంపులన్నీ నా గాస్కెట్ల మీదే తిరుగుతున్నాయి.

చేయాల్సిన పని ఒక్కటే. గోడకున్న ప్లాంటు ఫోను ఎత్తి, పంపింగు మొత్తం ఆపండి అని మేనేజరు గారికి చెప్పడం. ఎందుకని ఆయన అడుగుతారు. ఆ ప్రశ్నకు సమాధానం నేను. అందుకని ఫోను దగ్గర నిలబడి వేరే సమాధానం వెతికాను. కరెంటు హెచ్చుతగ్గులు అందామా? మాడ్యూలు తయారీలోనే లోపం అందామా? ఓడ ఖాళీ కావడానికి ఇంకో రెండు గంటలే కదా, అయిపోయాక నెమ్మదిగా చెబితే? మూడింటి ఎంక్వయిరీ ముందు జరిగిపోతే? కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను, పెట్టుకున్నాను, మళ్ళీ తుడుచుకున్నాను. సేఫ్టీ బ్యానరు కింద నా ఫొటో కళ్ళ ముందు ఆడింది. చివరికి, ఏటంటారు భాయ్ అని ఆయన్నే అడిగాను.

“మీరే సెప్పాల సార్,” అన్నాడు. అని, మూతను గోడకానించి, పద్దెనిమిదో పెట్టె వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఫోను ఎత్తాను. నేను వేయించిన రబ్బరు తప్పండీ, పదిహేడు పెట్టెలు ఇంకా అలాగే ఉన్నాయి, పంపింగు ఆపించండి అన్నాను. తర్వాత పంపులు ఒక్కొక్కటిగా ఆగడం వినిపించింది.

ఓడ ఒకటిన్నర రోజు నిలబడింది. మిగతా పదిహేడు పట్టీలూ నేను, భాయ్ కలిసి తీశాం. స్పానరు ఎటు తిప్పాలో ఆ రోజు నాకు బాగా వచ్చేసింది. ఆ పని మధ్యలోనే మూడింటికి మేనేజరు గారి గదికి వెళితే, భాయ్‌కి వేసిన కుర్చీలో ఆయన నన్ను కూర్చోమన్నారు. మెమో చించేయమని బతిమాలాను. అది రిజిస్టరులో ఎక్కింది, జవాబు రాకుండా మూయడం కుదరదు అన్నారు. భాయ్ నా వైపు తిరిగి, మీరే రాసెట్టండి సార్, మీ రాత బాగుంటాది అన్నాడు. అలా నా మెమోకి జవాబు కూడా నేనే రాశాను. రబ్బరు తీసేసిన మాట నిజమే, తీయవలసినదే కాబట్టి తీశాను అని రెండు ముక్కలు. భాయ్ సంతకం పెట్టాడు, మేనేజరు గారు కేసు మూసేశారు. కుక్కరు తిరిగి ఇవ్వబోతే పర్సనెల్ డిపార్ట్‌మెంటు వాళ్ళు తీసుకోలేదు. బహుమతి వెనక్కి తీసుకునే ఫారం వాళ్ళ దగ్గర లేదట. గాస్కెట్టు సారు అన్న పేరు మాత్రం పోలేదు, అనే తీరే మారింది.

ఇంతవరకూ చాలామందికి తెలుసు. ట్రైనింగు క్లాసుల్లో నేనే చెప్పి, నన్ను చూసి నవ్వించేవాణ్ణి. తన తప్పు తనే చెప్పుకున్నాడని నాకు కొంచెం మంచి పేరు కూడా వచ్చింది. చెప్పనిది ఒకటుంది.

ఆ సాయంత్రం ప్రమాద నివేదిక నేనే తయారు చేశాను. మూత విప్పగానే లోపం గుర్తించి, వెంటనే పంపింగు ఆపించడమైనది అని రాశాను. సాక్షిగా భాయ్ సంతకం కావాలి. ఆయన వేలు పెట్టుకుని ఒక్కో మాటా చదువుతూ వచ్చి, వెంటనే అన్న చోట ఆగాడు. తలెత్తి నన్ను చూశాడు. పంపు హౌసులో ఫోను మీద గోడ గడియారం ఉంది. మసి చూసిన దగ్గర్నుంచి ఫోను ఎత్తేదాకా పదకొండు నిమిషాలు. ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. సంతకం పెట్టేసి కాగితం నా చేతికిచ్చాడు.

నాలుగు నెలలకు ఆయన వీడ్కోలు సభ జరిగింది. రెండు మాటలు చెప్పమంటే మైకు ముందు నిలబడి, ఎప్పుడూ అలవాటు లేని మనిషి, ఇంతే అన్నాడు.

“పదిహేడో పెట్టి గురించి అందరూ నా పేరు సెప్తన్నారు. నాను తుడిసినాను అంతే. సారు ఫోను సేసినారు. నాను పక్కనే ఉన్నాను.”

అందరూ చప్పట్లు కొట్టారు. సిగ్గు లేకుండా నేను కూడా కొట్టాను. ఆయన నన్ను కాపాడడానికి అలా అన్నాడో, పక్కనే ఉన్నాను అని నాకొక్కడికే గుర్తు చేశాడో అప్పుడు అడగలేకపోయాను. ఆయన పోయి మూడేళ్ళయింది, ఇక అడగలేను.

ఆపరేటరు మాత్రం ఉన్నాడు. అతనూ రిటైరయ్యాడు. ఆదివారం తెల్లవారకుండానే ఫిషింగ్ హార్బరుకు వెళ్ళి, మా ఇంటికీ కలిపి చేపలు తెస్తాడు. బావా, నీకోసం వంజరం తెచ్చినాను అంటూ గుమ్మంలోంచే కేకేస్తాడు. ఆ పదకొండు నిమిషాలూ అతను పద్దెనిమిదో పెట్టెకు మూరెడు దూరంలో, మీటరు చూస్తూ నిలబడే ఉన్నాడు. నేను కళ్ళజోడు తుడుచుకుంటూ అతన్ని చూశాను. ఒకసారి అతను కూడా ఇటు తిరిగి, ఏటయ్యింది అన్నట్టు చెయ్యి ఊపాడు. ఏమీ లేదు అన్నట్టు నేను కూడా ఊపాను.

ఆ సంగతి అతనికి ఇన్నేళ్ళలో చెప్పలేదు. చేపలు తీసుకుంటూనే ఉన్నాను. ఇది అచ్చయితే అతను తప్పకుండా చదువుతాడు, నేను రాసిందేదీ వదలడు. ఆ వచ్చే ఆదివారం నేను తెల్లవారకుండానే లేచి, గుమ్మంలో కూర్చుంటాను.